వెనక వరుసలో తొమ్మిది వందల అరవై

2025 జులైలో లాస్ వెగాస్‌లో జరిగిన ఫ్రీస్టైల్ చెస్ గ్రాండ్‌స్లామ్‌లో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. క్వార్టర్‌ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ ఆటగాడు నోదిర్‌బెక్ అబ్దుసత్తారోవ్‌ను ఇంటికి పంపాడు. సెమీస్‌లో లెవోన్ అరోనియన్ చేతిలో ఓడాడు. కాకినాడలో సాయంత్రం పూట పిల్లల్ని చెస్ క్లాసులకు తిప్పే తల్లిదండ్రులకు ఇలాంటి వార్తల్లో ఒక అంకె మళ్ళీ మళ్ళీ కనిపిస్తూ ఉంటుంది. ఈ ఆటలో పావుల్ని 960 రకాలుగా పేర్చవచ్చని రాస్తారు. ఎందుకు 960? వెయ్యి అంటే గుండుగుత్తగా చెప్పిన మాట అనుకోవచ్చు. 512 అంటే రెట్టింపులు చేసుకుంటూ పోయారనుకోవచ్చు. 960 రెండింటికీ చెందదు.

ఇంటర్లో ప్రస్తారాలు, సంయోగాలు చదివినవాళ్ళకు ఈ లెక్క అరగంట పని. చదవనివాళ్ళకైనా కాగితం, పెన్సిల్, కొంచెం ఓపిక ఉంటే చాలు. అయితే అంకె తేలాక అసలు ప్రశ్న మొదలవుతుంది. రెండు అమరికలు వేరువేరని ఎప్పుడు అనాలి? ఒకటేనని ఎప్పుడు అనాలి? దానికి జవాబు చెప్పకుండా చేసిన లెక్క ఏదైనా సగం లెక్కే.

ముందు ఆట సంగతి. 1996 జూన్ 19న బ్యూనస్ ఎయిరిస్‌లో బాబీ ఫిషర్ ఈ చదరంగాన్ని ప్రకటించాడు. ఆరంభపు ఎత్తులన్నీ బట్టీపట్టి వచ్చేవాళ్ళ చేతిలో ఆట ఎండిపోతోందన్నది ఆయన బాధ. బంట్లు ఎప్పటిలాగే రెండో వరుసలో నిలబడతాయి. వాటి వెనక ఉండే ఎనిమిది పావుల్ని చీటీ తీసినట్టు ఎటుపడితే అటు మారుస్తారు. తెల్లవాడికి ఏ క్రమం వస్తే నల్లవాడు ఎదురుగా అదే క్రమంలో పెట్టుకుంటాడు. ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు. అమరిక ఏదన్నది ఆటకు కొద్ది నిమిషాల ముందు గానీ తెలియదు కాబట్టి ఇంట్లో కూర్చుని ఇరవై ఎత్తులు సిద్ధం చేసుకుని రావడం కుదరదు.

రెండు షరతులు మాత్రం ఉన్నాయి. రెండు శకట్లు (బిషప్‌ని మన పాత ఆటగాళ్ళు శకటు అనే పిలుస్తారు) వేరువేరు రంగు గళ్ళలో ఉండాలి. రాజు రెండు ఏనుగుల మధ్య ఎక్కడో ఒకచోట ఉండాలి. 960 పుట్టింది ఈ రెండు షరతుల నుంచే.

లెక్క మొదలుపెడదాం. మన వైపు పెళ్ళిలో ఒక బంతిలో ఎనిమిది మంది భోజనానికి కూర్చుంటే ఎన్ని వరసల్లో కూర్చోవచ్చు? మొదటి ఆకు దగ్గర ఎనిమిది మందిలో ఎవరైనా, రెండో ఆకు దగ్గర మిగిలిన ఏడుగురిలో ఎవరైనా, అలా 8×7×6×5×4×3×2×1, అంటే 40,320. కానీ చదరంగం వెనక వరుసలో ఎనిమిది మంది వేరువేరు మనుషులు లేరు. ఏనుగులు రెండు, గుర్రాలు రెండు, శకట్లు రెండు. ఈ గుర్రాన్ని తీసి ఆ గుర్రం చోట, ఆ గుర్రాన్ని తెచ్చి ఈ గుర్రం చోట పెడితే బల్ల మీద ఏమీ మారదు. ప్రతి జంట లెక్కను రెట్టింపు చేసి చూపిస్తోంది. మూడు జంటలున్నాయి కాబట్టి 2×2×2, అంటే ఎనిమిదితో భాగించాలి. 40,320ని ఎనిమిదితో భాగిస్తే 5,040.

ఈ పద్ధతి మన దేశంలో చాలా పాతది. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు చివరి అధ్యాయాన్ని అంకపాశం అని పెట్టి ఇలాంటి లెక్కలకే కేటాయించాడు. శివుడి పది చేతుల్లో పది ఆయుధాల్ని మార్చి మార్చి పెడితే ఎన్ని రూపాలవుతాయన్నది అందులో ఒక ప్రశ్న. జవాబు 36,28,800. విష్ణువు నాలుగు చేతులకైతే 24. వెంటనే ఒకే అంకె రెండుసార్లు వస్తే ఏం చేయాలో కూడా చెప్పాడు. 2, 2, 1, 1 అనే నాలుగు అంకెలతో 24 సంఖ్యలు రావు, ఆరే వస్తాయి. మనం ఏనుగుల్నీ గుర్రాల్నీ శకట్లనీ జంటలుగా చూసి ఎనిమిదితో భాగించడం అచ్చంగా ఆ సూత్రమే.

ఇక మొదటి షరతు. ఎనిమిది గళ్ళలో నాలుగు నల్లవి, నాలుగు తెల్లవి. ఒక శకటు నల్ల గడిలో, ఇంకోటి తెల్ల గడిలో ఉండాలంటే 4×4, పదహారు రకాలు. మిగిలిన ఆరు గళ్ళలో రాజు, మంత్రి, రెండు ఏనుగులు, రెండు గుర్రాలు 180 రకాలుగా కూర్చుంటాయి (720ని నాలుగుతో భాగించాలి). 16×180 అంటే 2,880. శకట్లు రెండూ ఒకే రంగులో పడిన 2,160 అమరికలు ఇక్కడ రాలిపోయాయి.

రెండో షరతు చూడటానికి కష్టంగా ఉంటుంది గానీ, ఈ లెక్క మొత్తంలో నాకు బాగా నచ్చే మెట్టు అదే. రాజు, రెండు ఏనుగులు ఏ మూడు గళ్ళలో పడ్డా సరే, ఎడమ నుంచి కుడికి చూస్తే రాజు మొదట ఉండవచ్చు, మధ్యలో ఉండవచ్చు, చివర ఉండవచ్చు. మూడింటికీ సమాన వాటా. మనకు కావలసింది మధ్యలో ఉండటమే. కాబట్టి 2,880లో సరిగ్గా మూడో వంతు. 960.

ఇదే అంకెకు ఇంకో దారి ఉంది. పావుల్ని ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ పోవాలి. తెల్ల గడి శకటుకు 4 చోట్లు, నల్ల గడి శకటుకు 4 చోట్లు. మిగిలిన ఆరు గళ్ళలో మంత్రికి 6. ఇక మిగిలే ఐదు గళ్ళలో రెండు గుర్రాలకు చోటు చూడాలి. ఐదులోంచి రెండు ఎంచుకోవడం 10 రకాలు. చివరికి మూడు గళ్ళు మిగులుతాయి. అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదు, ఎడమ నుంచి ఏనుగు, రాజు, ఏనుగు. 4×4×6×10×1, మళ్ళీ 960.

ఆ పది దగ్గర కాసేపు ఆగాలి. ఐదులోంచి రెండు ఎంచుకోవాలంటే పైన 5, 4 అని దిగుతూ రాసి, కింద 1, 2 అని ఎక్కుతూ రాసి, పైవాటి లబ్ధాన్ని కిందివాటి లబ్ధంతో భాగించాలి. ఇరవైని రెండుతో భాగిస్తే పది. ఎన్ని వస్తువులకైనా పనికొచ్చేలా ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పినవాడు తొమ్మిదో శతాబ్దపు జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఆయన రాసిన పుస్తకం గణితసారసంగ్రహం. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. రాజరాజనరేంద్రుడు ఆయనకు పిఠాపురం పక్కనున్న నవఖండ్రవాడను ఇచ్చాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. నవఖండ్రవాడ ఈ రోజు కాకినాడ జిల్లాలో ఉంది. తెలుగులో మొదటి శాస్త్ర గ్రంథాల్లో ఒకటిగా ఎంచే పుస్తకంతో ముడిపడ్డ ఊరు మనకు గంటలోపు బస్సు ప్రయాణంలో ఉందంటే, ఈ లెక్కలు ఎక్కడో జర్మనీలోనో అమెరికాలోనో పుట్టాయని మన పిల్లలు అనుకోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఏ పావు ఎక్కడ ఎక్కువ?

960 అమరికల్నీ వరసగా పేర్చి ప్రతి గడిలో ఏ పావు ఎన్నిసార్లు కూర్చుందో చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. మంత్రి ఎనిమిది గళ్ళలో ఒక్కో చోట సరిగ్గా 120 సార్లు ఉంటుంది. మూల గడైనా నడిమి గడైనా తేడా లేదు. గుర్రాలు ఒక్కో గడిలో 240 సార్లు. శకట్లూ అంతే, 240 సార్లు. వీటి మీద ఏ షరతూ పక్షపాతం చూపలేదు.

రాజు విషయం అలా కాదు. రెండు మూలల్లోనూ రాజు ఒక్కసారి కూడా ఉండడు, ఎందుకంటే అటువైపు ఏనుగుకు చోటుండదు. ఎడమ నుంచి రెండో గడి అయిన బి దగ్గర 108 సార్లు, సి దగ్గర 168, డి దగ్గర 204. ఇ, ఎఫ్, జి గళ్ళలో ఇవే అంకెలు తిరగేసి వస్తాయి: 204, 168, 108. కూడితే 960.

ఆ 108ని చేత్తో సరిచూడటం తేలిక. రాజు బి గడిలో ఉంటే ఎడమ ఏనుగుకు ఎ తప్ప దారి లేదు. ఇక సి నుంచి హెచ్ దాకా ఆరు గళ్ళు, మూడు నల్లవి, మూడు తెల్లవి. శకట్లకు 3×3, తొమ్మిది. మిగిలిన నాలుగు గళ్ళలో మంత్రికి నాలుగు చోట్లు, రెండో ఏనుగుకు మూడు, గుర్రాలకు మిగిలిన రెండే. 9×4×3 అంటే 108. సి గడికి ఇదే పని చేయాలంటే ఎడమ ఏనుగు ఎ లో ఉన్నప్పుడు ఒకటి, బి లో ఉన్నప్పుడు ఒకటి, రెండు లెక్కలు వేసుకోవాలి. మొదటిది 78, రెండోది 90, మొత్తం 168. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు డి గడిని వదిలేస్తున్నాను. 204 రావాలి.

ఏనుగులు రాజుకు సరిగ్గా ఎదురు దారిలో నడుస్తాయి. రాజు వదిలేసిన చోటంతా వాటిదే. ఒక్కో మూలలో 360 సార్లు, ఆ పక్క గడిలో 252, దాని పక్కన 192, నడిమి గళ్ళలో 156. అంటే ఏనుగు మూలలో కూర్చునే అవకాశం నూటికి 37.5. చీటీ తీసి పేర్చిన ఆటలో కూడా ఏనుగు మూలనే ఇష్టపడుతోందన్నమాట, రాజు నడుమనే ఇష్టపడుతున్నాడు. ఫిషర్ పెట్టిన ఒక్క షరతు పాత చదరంగపు ముఖకవళికల్ని కొంతవరకు నిలబెట్టింది.

రాజు ఇ గడిలో, ఏనుగులు రెండు మూలల్లో, అంటే మామూలు చదరంగంలో ఉన్నట్టే ఉండే అమరికలు 960లో ఎన్ని? మిగిలిన ఐదు గళ్ళలో మూడు తెల్లవి, రెండు నల్లవి. శకట్లకు 3×2, ఆరు. మంత్రికి మూడు. మొత్తం 18. వాటిలో ఒకటి మనం రోజూ ఆడే ఆట. మిగిలిన 17లో క్యాస్లింగ్ (రాజునూ ఒక ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం) అచ్చంగా మనకు అలవాటైన పద్ధతిలోనే జరుగుతుంది. కొత్తగా ఈ ఆట నేర్పేవాళ్ళు ఈ 18తో మొదలుపెడితే పిల్లలు బెదరరని నా నమ్మకం.

అద్దంలో చూస్తే

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మామూలు అమరికను తీసుకుని రాజునూ మంత్రినీ తారుమారు చేయండి. రాజు డి లో, మంత్రి ఇ లో. మిగతా పావులన్నీ కదలక్కర్లేదు. ఇది మామూలు చదరంగాన్ని అద్దంలో చూసినట్టు ఉంటుంది, కుడి ఎడమైంది అంతే. దీన్ని కొత్త అమరికగా లెక్కపెట్టాలా, పాతదాని నీడగా వదిలేయాలా?

నీడే అన్నామనుకోండి. ప్రతి అమరికకూ అద్దంలో ఒక జోడీ ఉంటుంది. తనకు తానే జోడీ అయ్యే అమరిక ఒక్కటీ లేదు. ఎనిమిది గళ్ళకు సరిగ్గా నడిమధ్య గడి ఉండదు కదా, ఒక్కడే ఉన్న రాజు అద్దంలో తప్పకుండా వేరే గడిలోకి వెళ్తాడు. కాబట్టి 960 సరిగ్గా సగమై 480 అవుతుంది. కొందరు ఇదే అసలు అంకె అని వాదిస్తారు.

వాళ్ళతో నేను ఏకీభవించను. ఎందుకో క్యాస్లింగ్ చెబుతుంది. ఈ ఆటలో రాజు ఎక్కడ మొదలైనా క్యాస్లింగ్ అయ్యాక కూర్చునే చోట్లు రెండే. కుడివైపు చేస్తే రాజు జి లో, ఏనుగు ఎఫ్ లో. ఎడమవైపు చేస్తే రాజు సి లో, ఏనుగు డి లో. ఈ రెండు చోట్లు అద్దంలో జోడీలు కావు. జి గడి అంచుకు ఒక గడి దూరం, సి గడి అంచుకు రెండు గళ్ళ దూరం.

మామూలు ఆటలో కుడివైపు క్యాస్లింగ్‌కు శకటును, గుర్రాన్ని జరిపితే చాలు, మంత్రిని ముట్టుకోనక్కర్లేదు. రాజు అంచు పక్కకు చేరి హెచ్ బంటుకు కాపలాగా ఉంటాడు. అద్దపు అమరికలో ఆ పని ఎడమవైపు చేయాలి. అక్కడా రెండే పావులు జరపాలి. కానీ రాజు బి కి చేరడు, డి నుంచి సి కి ఒక్క గడి జరిగి ఆగిపోతాడు. ఎ బంటుకు రాజు కాపలా దొరకదు. పోనీ జి కి వెళ్దామంటే మూడు పావులు జరగాలి, వాటిలో మంత్రి ఒకటి. ఆడేవాడికి ఇవి రెండు వేరువేరు ఆటలు. కాబట్టి 960 అన్నదే సరైన అంకె.

క్యాస్లింగ్ తీసేస్తే వాదన తిరగబడుతుంది. 2021లో డార్ట్‌మండ్‌లో విశ్వనాథన్ ఆనంద్, వ్లాదిమిర్ క్రామ్నిక్ క్యాస్లింగ్ లేని చదరంగం ఆడారు, ఆనంద్ 2.5–1.5తో గెలిచాడు. వాళ్ళు మామూలు అమరికతోనే ఆడారు. అదే నియమంతో పావుల్ని కూడా కలిపితే? రాజు ఏనుగుల మధ్య ఉండాల్సిన పని ఇక లేదు. ఆ షరతు పెట్టింది రెండు వైపులా క్యాస్లింగ్‌కు వీలుండాలనే. కాబట్టి 2,880కి వెళ్తాం. కానీ క్యాస్లింగ్ లేకపోతే కుడికీ ఎడమకూ తేడా చూపే నియమం బల్ల మీద ఇంకోటి లేదు. బంటు, గుర్రం, శకటు ఏవైనా రెండు వైపులా ఒకేలా నడుస్తాయి. అద్దంలో జోడీ ఇప్పుడు నిజంగా అదే ఆట. 2,880లో సగం, 1,440.

క్యాస్లింగ్ అనే ఒక్క నియమం లెక్కను రెండుసార్లు పట్టుకుంది. ఒకసారి 2,880ని 960కి దించింది. ఇంకోసారి 960ని 480 కాకుండా ఆపింది. శకట్ల షరతు కూడా ఎత్తేసి ఎలాగంటే అలా పేర్చే ఆటలో మొదటి లెక్క 5,040, అద్దాన్ని పరిగణిస్తే 2,520. ఈ అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఏ నియమాలతో ఆడుతున్నారో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం తప్పు.

ఎదురెదురు వేరైతే

ఫిషర్ పద్ధతిలో ఇద్దరికీ ఒకే అమరిక. తెల్లవాడికొకటి, నల్లవాడికొకటి విడివిడిగా చీటీ తీస్తే 960×960, అంటే 9,21,600. ఇద్దరికీ ఒకే అమరిక పడేవి అందులో 960 మాత్రమే. ఈ అంకె ఎంత పెద్దదో కాలంలో కొలిస్తే తెలుస్తుంది. రోజుకొక ఆట చొప్పున ఫిషర్ అమరికలన్నీ ఆడాలంటే రెండేళ్ళ ఏడున్నర నెలలు సరిపోతుంది. రెండు వైపులా వేరువేరు అమరికలైతే 2,500 ఏళ్ళు దాటుతుంది. రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తుడైన 1022లో మొదలుపెట్టి ఒక్క రోజు కూడా మానకుండా ఆడి ఉంటే ఈపాటికి దాదాపు నలభై శాతం అయ్యేది.

ఇంతకన్నా పెద్దది కూడా ఉంది. 1978లో మ్యాక్స్‌వెల్ లారెన్స్ తయారుచేసిన ట్రాన్సెండెంటల్ చెస్‌లో క్యాస్లింగ్ లేదు, శకట్ల షరతు మాత్రం ఉంది, ఇద్దరి అమరికలూ వేరు. 2,880×2,880, అంటే 82,94,400. అమరిక మరీ అధ్వానంగా పడ్డవాడు మొదటి ఎత్తు వేయకుండా, దానికి బదులు తన వెనక వరుసలో రెండు పావుల్ని మార్చుకోవచ్చు. ఆ వెసులుబాటు లేకపోతే చీటీయే సగం ఆట ఆడేసేది. ఇక్కడ కూడా అద్దపు జోడీలను ఒకటిగా లెక్కిస్తే 41,47,200.

అంకె పెరిగినకొద్దీ ఆట మెరుగవుతుందని నేను అనుకోను. 9,21,600లో చాలావాటిలో ఒకరికి మొదటి నుంచే మొగ్గు ఉండే ప్రమాదం ఉంది. 960లో ఇద్దరూ ఒకే కష్టాన్ని పంచుకుంటారు. 2019లో నార్వేలో జరిగిన మొదటి అధికారిక ప్రపంచ పోటీ ఫైనల్లో మాగ్నస్ కార్ల్‌సన్‌ను వెస్లీ సో 13.5–2.5తో ఓడించాడు. కార్ల్‌సన్ అంతటివాడికి ఆ తేడాతో ఓటమి ఎదురైందంటే, దాన్ని చీటీ మీదకు నెట్టడానికి వీల్లేదు. అమరిక ఇద్దరికీ ఒకటే.

చీటీ ఎలా తీయాలి?

ఇంట్లో కంప్యూటర్ లేకుండా ఒక అమరికను తీయాలంటే చాలామంది చేసేది ఎనిమిది పావుల్నీ సంచిలో వేసి ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టడం. షరతులు కుదరకపోతే మళ్ళీ మొదటి నుంచి తీయాలి. ఇది న్యాయమైన పద్ధతే, కానీ ఓపిక కావాలి. 5,040లో 960 మాత్రమే పనికొస్తాయి కాబట్టి సగటున ఐదుసార్లకు పైగా తీయాల్సి వస్తుంది. ఆ విసుగు భరించలేక కొందరు మధ్యలో ఒక పావును అటూ ఇటూ సర్దేస్తారు. అలా సర్దితే 960కీ సమానమైన అవకాశం ఉండదు.

ముందుగా పాచిక వేసి రాజును బి నుంచి జి దాకా ఆరు గళ్ళలో ఒకదాంట్లో పెట్టడం ఇంకో తప్పు దారి. అప్పుడు బి లో రాజు పడే అవకాశం నూటికి పదహారుకు పైన ఉంటుంది. నిజానికి 960లో 108 అంటే నూటికి 11.25 మాత్రమే. డి లో నూటికి 21.25 ఉండాల్సింది ఇదే పదహారుకు పడిపోతుంది. అష్టాచెమ్మా గవ్వలు కూడా ఈ పనికి రావు. గవ్వ రెండు వైపులా సమానంగా పడే వస్తువు కాదు. రెండు వైపులా సమానంగానే పడుతుందనుకున్నా, నాలుగు గవ్వల్లో రెండు వెల్లకిలా పడటం పదహారింట ఆరుసార్లు, నాలుగూ వెల్లకిలా పడటం పదహారింట ఒక్కసారి.

ఒక రూపాయి నాణెం, ఒక మామూలు పాచిక చాలు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే నాలుగు ఫలితాలు, తెల్ల గడి శకటుకు నాలుగు చోట్లు. ఇంకో రెండుసార్లు ఎగరేస్తే నల్ల గడి శకటు. పాచిక ఒకసారి వేస్తే మంత్రికి ఆరింటిలో ఒక చోటు. గుర్రాలకు పాచిక, నాణెం కలిపి వాడాలి. పాచికలో ఆరు పడితే మళ్ళీ వేయాలి, ఒకటి నుంచి ఐదు దాకా అయితే ఉంచుకోవాలి. ఐదు ముఖాలు, బొమ్మా బొరుసూ రెండు, మొత్తం పది. ఏ అమరికకూ ఎక్కువ తక్కువ లేదు.

జర్మనీకి చెందిన రైన్‌హార్డ్ షార్నాగ్ల్ ఈ అమరికలన్నింటికీ 0 నుంచి 959 దాకా నంబర్లు ఇచ్చాడు. నంబరు చూసి అమరికను చెప్పగలగడం ఇందులోని అందం. మామూలు చదరంగం నంబరు 518. దాని అద్దపు జోడీ 534. మన ప్రాంతపు పిన్‌కోడ్లు మొదలయ్యేది 533తో. ఆ నంబరు విప్పి చూద్దాం.

533ని 4తో భాగిస్తే 133, శేషం 1. తెల్ల గళ్ళు వరసగా బి, డి, ఎఫ్, హెచ్, వాటిని సున్నా నుంచి లెక్కపెట్టాలి. ఒకటి అంటే డి. ఒక శకటు అక్కడ. 133ని మళ్ళీ 4తో భాగిస్తే 33, శేషం 1. నల్ల గళ్ళు ఎ, సి, ఇ, జి. ఒకటి అంటే సి. రెండో శకటు అక్కడ. 33ని 6తో భాగిస్తే 5, శేషం 3. ఖాళీగా ఉన్న గళ్ళు ఎ, బి, ఇ, ఎఫ్, జి, హెచ్. సున్నా నుంచి లెక్కిస్తే మూడోది ఎఫ్. మంత్రి అక్కడ. ఇక మిగిలిన 5 గుర్రాల నంబరు. ఐదు ఖాళీ గళ్ళలో రెండింటిని ఎంచుకునే పది రకాల్నీ వరసగా రాస్తే ఒకటి-రెండు, ఒకటి-మూడు, ఒకటి-నాలుగు, ఒకటి-ఐదు, రెండు-మూడు, రెండు-నాలుగు, అలా సాగుతాయి. సున్నాతో మొదలుపెడితే ఐదోది రెండు-నాలుగు. ఖాళీలు ఎ, బి, ఇ, జి, హెచ్ కాబట్టి గుర్రాలు బి లో, జి లో. మిగిలినవి ఎ, ఇ, హెచ్. ఏనుగు, రాజు, ఏనుగు.

బల్ల మీద పెట్టి చూడండి. మామూలు అమరికలో మంత్రీ కుడివైపు శకటూ చోట్లు మార్చుకున్నాయి, అంతే తేడా. రాజు ఇ లో, ఏనుగులు మూలల్లో. 960లో పద్దెనిమిదికి మాత్రమే దక్కిన గుంపులో మన 533 కూడా ఉంది.

కొత్తగా నేర్చుకునే పిల్లలంతా ముందు ప్రయోగించే నాలుగెత్తుల ఆటకట్టు ఇందులో ఏమవుతుందో చూడటం సరదాగా ఉంటుంది. మామూలు ఆటలో శకటు సి4కి, మంత్రి హెచ్5కి వచ్చి రెండూ ఎఫ్7 బంటు మీద గురిపెడతాయి. అక్కడ కాపలా నల్లరాజు ఒక్కడే. 533లో ఇ బంటు రెండు గళ్ళు ముందుకు జరగగానే దారులు అలాగే తెరుచుకుంటాయి, కానీ పాత్రలు మారతాయి. డి1 శకటు వెళ్ళి హెచ్5లో కూర్చుంటుంది, ఎఫ్1 మంత్రి సి4కి వస్తుంది. గురి మాత్రం ఎఫ్7 మీదే. అయితే ఈసారి ఆ బంటు వెనక ఎఫ్8లో నల్లమంత్రి నిలబడి ఉంది. తెల్లమంత్రి ఎఫ్7 బంటును కొడితే నల్లమంత్రి దాన్ని కొడుతుంది, తెల్ల శకటు నల్లమంత్రిని కొడితే రాజు శకటును కొడతాడు. మంత్రికి మంత్రి చెల్లు. తెల్లవాడికి ఒక బంటు దక్కి, ఒక శకటు పోతుంది, ఆట ఇంకా మొదట్లోనే ఉంటుంది.